గుంతల్లేని ఊరికి శంకుస్థాపన

పెదరేవు పట్టణంలో గుంతలు లేవు. ఈ సంగతి ఊళ్లోవాళ్లకి చాలాకాలం తెలియదు. కమిషనర్ శశిభూషణ్ గారు ప్రకటించాక తెలిసింది. పురపాలక సంఘం గేటు దగ్గర "గుంతరహిత పట్టణానికి స్వాగతం" అని పచ్చరంగు బోర్డు కూడా పెట్టించారు. ఆ బోర్డు ముందు రోడ్డు ఎలాంటిదంటే, బండి మీద వెళ్లేవాడు ముందు చక్రం మీంచి చూపు తీస్తే మళ్లీ లేచేది ఆసుపత్రి మంచం మీదే. అందుకని ఆ బోర్డును నింపాదిగా చదివినవాళ్లంతా కాలినడకన పోయేవాళ్లే.

అంతకుముందు ఊళ్లో గుంతలకి పేర్లుండేవి. "బ్యాంకు గుంత దాటి, టీచరమ్మ గుంత దగ్గర ఎడంచేతికి తిరిగితే మా ఇల్లేనండి" అని శుభలేఖలు పంచుతూ చెప్పుకునేవారు. టీచరమ్మ గుంతకి ఆ పేరెలా వచ్చిందో, కాలి కట్టు విప్పాక ఆ టీచరమ్మే అందరికీ నవ్వుతూ చెప్పేది. ప్రకటన వచ్చాక కూడా జనం దారి అలాగే చెప్పుకుంటున్నారు. ప్రజల్లో ఇంకా చైతన్యం రావాలని కమిషనర్ గారు రెండు సభల్లో బాధపడ్డారు.

గుంతలు లేకుండా పోయాయి సరే, కొత్తవి రాకుండా చూడాలి కదా. అందుకోసం ఉత్తర్వు వెలువడింది. పట్టణ పరిధిలో ఏ శాఖ వారైనను, ఏ కారణము చేతనైనను, నేలయందు గుంత తీయరాదు. దానికి ముందే ఇంకో ఉత్తర్వు అమల్లో ఉంది. ప్రగతి పథం అనే పెద్ద రోడ్డు మీద ఎక్కడా స్తంభాలూ తీగలూ కనపడకూడదు, ఆకాశం శుభ్రంగా ఉండాలి. పైన పోకూడదు, కింద తవ్వకూడదు. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్నవాడు లోవరాజు.

లోవరాజు విద్యుత్తు సంస్థలో అసిస్టెంటు ఇంజనీరు. ప్రగతి పథానికి పడమటివైపు అతని సబ్‌స్టేషను, తూర్పువైపు ప్రభుత్వాసుపత్రి. ఆసుపత్రిలో పురిటి పిల్లలకి కొత్త వార్డు కట్టారు. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు వరసగా పెట్టారు. వాటికి సరిపడా కరెంటు ఇవ్వాలంటే సబ్‌స్టేషను నుంచి రోడ్డు దాటించి పెద్ద కేబుల్ వేయాలి. వేసేదాకా ఆ వార్మర్లు ప్లాస్టిక్ కవర్లలోనే ఉంటాయి.

పక్కనే పాత వార్డు. అందులో సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఒక్కో వార్మర్ మీద ఇద్దరేసి పిల్లల్ని పడుకోబెడతారు. అదీ చల్లారితే తల్లుల గుండెలకి కట్టి, వేడినీళ్ల సంచులు తువ్వాళ్లలో చుట్టి పక్కన పెడతారు. ఆ పని చేసే నర్సుల్లో నూకరత్నం ఒకతె. నూకరత్నం లోవరాజు భార్య. రోజూ ఇంటికొచ్చాక చెప్పులు విప్పకముందే ఒకే మాట అడుగుతుంది. "ఎప్పుడండి?"

ఊళ్లో ఇంకెవరడిగినా లోవరాజు "ప్రతిపాదన పరిశీలనలో ఉంది" అని తప్పించుకోగలడు. ఆవిడ దగ్గర ఆ మాట అనడానికి అతనికి నోరు రాదు.

చివరికి ఒక దారి దొరికింది. రోడ్డు తవ్వక్కర్లేకుండా భూమిలోంచి అడ్డంగా బోరు వేసే మిషను ఒకటుంది. రోడ్డుకి ఇవతల నిలబడి ఇనుప కడ్డీని ఏటవాలుగా నేలలోకి పంపితే, అది రోడ్డు కిందుగా పాకి అవతల తల ఎత్తుతుంది. వెనక్కి లాగేటప్పుడు దానికి గొట్టం తగిలిస్తారు, ఆ గొట్టంలోంచి కేబుల్ పోతుంది. పైన రోడ్డు మీద బళ్లు ఎప్పట్లాగే ఎగిరెగిరి పడుతూ పోవచ్చు. లోవరాజు బొమ్మలు వేసుకెళ్లి సమావేశంలో చూపించాడు.

కమిషనర్ గారు పులకించిపోయారు. భూమాతను గాయపరచక, పట్టణ సౌందర్యమునకు భంగము వాటిల్లనీయక, అంతర్వాహినిగా సాగు ఈ విధానమే భావి తరాలకు మార్గదర్శకమని అన్నారు. అంతర్వాహిని అనే మాట ఆయనకి ఎంత నచ్చిందంటే, అదే సమావేశంలో చెత్తబళ్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా వాడారు. లోవరాజు ఆ సాయంత్రం నూకరత్నంతో, చలి ముదిరేలోపు అయిపోతుందని చెప్పాడు. చెప్పినందుకు తర్వాత చాలా బాధపడ్డాడు.

మిషను వచ్చింది. పసుపుపచ్చగా, పెళ్లికొడుకులా ఉంది. దాన్ని నడిపే మస్తాన్ గుంటూరు జిల్లా మనిషి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కమిషనర్ గారు కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు అయ్యాయి. పులిహోర పొట్లాలు పంచుతుండగా లోవరాజు వినయంగా దగ్గరికెళ్లి, ఇక రెండు గుంతలకి అనుమతి ఇప్పిస్తే పని మొదలు పెడతామన్నాడు.

కమిషనర్ గారి చేతిలో పొట్లం విప్పకుండానే ఉండిపోయింది. గుంత తీయని పద్ధతి అని మీరే చెప్పారు కదా అన్నారు.

"రోడ్డు తవ్వమండి. కడ్డీ దిగడానికి ఇటో గుంత, పైకి రావడానికి అటో గుంత, అంతేనండి. లోపల్నుంచి వచ్చే బురద పట్టడానిక్కూడా చోటుండాలి కదండి" అన్నాడు లోవరాజు.

"లోవరాజు గారూ, ఒకాయన శాకాహారి అంటే అర్థం ఏమిటి? మొదటి ముద్దలోనూ ఆఖరి ముద్దలోనూ మాత్రమే మాంసం తింటాడనా?"

చుట్టూ ఉన్న అధికారులు చప్పట్లు కొట్టారు. పోలిక లోవరాజుక్కూడా బాగానే ఉందనిపించింది. అదే అతని ఖర్మ.

అయితే కమిషనర్ గారు మొండి మనిషి కాదు. శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడు. అసలు గుంత అంటే ఏమిటో తేల్చడానికి మునిసిపల్ ఇంజనీరు పట్టాభిరామయ్య గారి అధ్యక్షతన గుంత నిర్వచన ఉపసంఘాన్ని వేశారు. ఉపసంఘం వాళ్లు చాలాసార్లు సమావేశమై, చాలా జీడిపప్పు పకోడీ తిని, ఒక నిర్ణయానికి వచ్చారు. భూమట్టమునకు దిగువన ఉండి, అందు మనుష్యుడు పడుటకు వీలగు ఖాళీ ప్రదేశము గుంత అనబడును.

ఆ లెక్కన కడ్డీ వెళ్లే దారి గుంత కాదు. సన్నగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి అందులో మనిషి పడలేడు. దానికి సంపూర్ణ అనుమతి ఇచ్చారు. రెండు చివర్లా తీసేవి మాత్రం నిక్షేపంలా పడదగ్గ గుంతలు, కాబట్టి కుదరదు. అంటే మిషను భూమి లోపల ఎంత దూరమైనా తిరగవచ్చు, లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. ఇంత ఉదారంగా అనుమతి ఇచ్చినా విద్యుత్తు సంస్థ పని ప్రారంభించకపోవడం పట్ల ఉపసంఘం విచారం వ్యక్తం చేసింది.

మస్తాన్‌కి ఈ విచారంతో పనిలేదు. మిషను పక్కనే గుడారం వేసుకుని, కడ్డీల మీద లుంగీలు ఆరేసుకుని, మధ్యాహ్నం పూట నిద్రపోతున్నాడు.

లోవరాజుకి ఒక ఆలోచన తట్టింది. సబ్‌స్టేషను ముందు బ్యాంకు గుంత ఉంది. అవతల ఆసుపత్రి గేటు దగ్గర ఆసుపత్రి గుంత ఉంది. రెండూ తనకి కావలసిన లోతులోనే, తనకి కావలసిన చోటనే, ఎన్నో వానాకాలాల కృషితో తయారై ఉన్నాయి. కొత్తగా పలుగు దింపక్కర్లేదు. ఉన్నవాటినే వాడుకుంటామని రాసి పంపాడు.

పట్టాభిరామయ్య గారు స్వయంగా స్థల పరిశీలనకి వచ్చారు. జీపు దిగి, బ్యాంకు గుంత అంచుదాకా నడిచి, జాగ్రత్తగా అందులోకి దిగారు. నడుందాకా మునిగారు. నలువైపులా చూశారు.

"గుంత ఏదండి?" అన్నారు.

"మీరు నిలబడ్డదేనండి" అన్నాడు లోవరాజు.

పట్టాభిరామయ్య గారికి కోపం రాలేదు. ఆయన మొహంలో ఒకరకమైన దిగులు కనపడింది. "నేను గుంతలో ఉన్నానని మీరు లిఖితపూర్వకంగా ఆరోపించగలరా?" అని అడిగారు. పైకి రావడానికి ఆయన ఒక చెయ్యి లోవరాజుకీ, ఇంకో చెయ్యి మస్తాన్‌కీ ఇచ్చారు. ఇద్దరూ కలిసి లాగారు. పైకొచ్చి, ప్యాంటు దులుపుకుని, సదరు ప్రదేశము సమతలముగా నున్నట్లు పరిశీలనలో తేలినదని చెప్పి జీపెక్కారు. మర్నాడు మునిసిపాలిటీవాళ్లు వచ్చి, అక్కడ లేని గుంతని ఎవరూ వాడుకోకుండా చుట్టూ తాడు కట్టిపోయారు.

ఆ వారంలోనే చలి ముదిరింది. ఒకరోజు నూకరత్నం ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. చెప్పులు విప్పి, వంటింట్లోకి పోయి, కొబ్బరినూనె సీసా తెచ్చుకుని గడపలో కూర్చుంది. రోజంతా వేడినీళ్ల సంచులు మార్చీ మార్చీ ఆవిడ చేతులు ఎర్రగా కందిపోయాయి. లోవరాజు పక్కన కూర్చుని నూనె రాశాడు. అతనికి సిగ్గేసింది. ఊరంతటికీ కరెంటిచ్చే ఉద్యోగం చేస్తూ, పిడికెడేసి పిల్లలకి కాస్త వెచ్చదనం ఇవ్వలేకపోతున్నాడు. అడిగితే బాగుండుననుకున్నాడు. ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకి పురపాలక పార్కులో ఉత్సవం జరిగింది. పట్టణం గుంతరహితమైన సందర్భాన్ని చరిత్రలో నిలపడానికి కమిషనర్ గారు విజయ స్తూపం తలపెట్టారు. దానికి శంకుస్థాపన. అన్ని శాఖలవాళ్లూ రావాలన్నారు కాబట్టి లోవరాజు కూడా వెళ్లి వెనక వరసలో నిలబడ్డాడు.

నిలబడి చూస్తే, పార్కు మధ్యలో నలుగురు కూలీలు పలుగులూ పారలూ పట్టుకుని నిలువెత్తు గుంత తవ్వుతున్నారు. అంచు చుట్టూ బంతిపూల దండలు కట్టారు. పురోహితుడు నవధాన్యాలు పోశాడు. కమిషనర్ గారు చిన్న నిచ్చెన మీదుగా దిగి, రాయి పెట్టి, చప్పట్ల మధ్య పైకొచ్చారు. లోవరాజు నోరు తెరుచుకుని చూశాడు. పక్కనే ఉన్న పట్టాభిరామయ్య గారిని ఇదేమిటండి అని అడిగాడు. పునాది అన్నారాయన.

"మనిషి పడడానికి వీలుగానే ఉంది కదండి."

"శంకుస్థాపన జరిగేచోట మనుషులు పడరండి" అన్నారు పట్టాభిరామయ్య గారు. "పెద్దలు దిగుతారు."

లోవరాజు పులిహోర పొట్లం కూడా తీసుకోకుండా అక్కణ్నుంచి బయల్దేరాడు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కమిషనర్ గారి గదిలో ప్రత్యక్షమయ్యాడు. ఇంతటి ఘనకార్యానికి ఒక్క స్తూపం చాలదని విద్యుత్తు సంస్థ తరఫున మనవి చేసుకున్నాడు. ప్రగతి పథానికి ఇటు సబ్‌స్టేషను ముందొకటి, అటు ఆసుపత్రి ముందొకటి ఎదురెదురుగా లేపితే, పట్టణానికి సింహద్వారంలా ఉంటుందన్నాడు. చెబుతున్నంతసేపూ నవ్వకుండా ఉండడం అతనికి కష్టం కాలేదు. నూకరత్నం చేతులు తలుచుకున్నాడు.

కమిషనర్ గారి కళ్లు చెమర్చాయి. విద్యుత్తు సంస్థలో ఇంతటి సౌందర్య దృష్టి ఉన్నవాళ్లు ఉంటారని తానెన్నడూ అనుకోలేదన్నారు. పునాది ఎంత లోతుండాలని అడిగారు. స్తూపం గొప్పదనాన్ని బట్టండి అన్నాడు లోవరాజు. అయితే బాగా లోతుగా తీయించమన్నారు.

రెండు శంకుస్థాపనలూ ఒకే పొద్దున జరిగాయి. పెద్దలు దిగారు, ఎక్కారు. వాళ్ల కార్లు మలుపు తిరగ్గానే మస్తాన్ లుంగీలు తీసి మడతపెట్టి, కడ్డీని పడమటి పునాదిలోంచి నేలలోకి దింపాడు. రోడ్డు మీద బళ్లు పోతున్నాయి. వాటి కిందనుంచి కడ్డీ పోతోంది. తూర్పు పునాదిలో బుడబుడమని బురద ఉబికి, అందులోంచి కడ్డీ తల పైకి రాగానే, ఆసుపత్రి గేటు దగ్గర చుట్ట కాల్చుకుంటున్న ఓ ముసలాయన గభాల్న లేచి దణ్ణం పెట్టాడు. లోవరాజుక్కూడా పెట్టాలనే అనిపించింది. గొట్టం వచ్చింది, గొట్టంలో కేబుల్ వచ్చింది, కేబుల్ చివర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె బిగించారు. మస్తాన్ మిషను లారీకెక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆసుపత్రి ముందు స్తూపం శరవేగంగా లేచింది. లోపల డొల్ల, పైన పాలరాతి రంగు పలకలు. పడమటి స్తూపానికి మాత్రం నిధులు రాలేదు. దాని పునాది అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. జనం దానికి శంకుస్థాపన గుంత అని పేరు పెట్టుకుని, దారి చెప్పడానికి వాడుకుంటున్నారు.

ఇక పెట్టె దగ్గర్నుంచి కొత్త వార్డు గోడదాకా కాస్త దూరం తీగ వేస్తే చాలు. లోవరాజు అడగడానికి వెళ్లాడు. పట్టాభిరామయ్య గారు తల అడ్డంగా ఊపారు. స్తూపం పూర్తయింది కాబట్టి పునాది అవసరం తీరిపోయింది, ఇకమీదట తవ్వేది గుంతే అన్నారు. పైనుంచి తీగ లాగుదామంటే అది ప్రగతి పథానికి కనపడుతుంది, ఆకాశం శుభ్రంగా ఉండాలి. పోనీ వరండాలో ఇంకో స్తూపం అంటే, స్ట్రెచర్లు తిరగవని ఆసుపత్రివాళ్లు ఒప్పుకోలేదు.

ఈలోగా కమిషనర్ గారి ఆదేశం వచ్చింది. వచ్చిన కరెంటుని వృథా పోనివ్వకుండా ముందు స్తూపానికి రంగురంగుల దీపాలు పెట్టమన్నారు. స్తూపం పెట్టెకి ఆనుకునే ఉంది కాబట్టి తవ్వక్కర్లేదు. ఆ సాయంత్రమే వెలిగించారు. స్తూపం కాసేపు ఎర్రగా, కాసేపు పచ్చగా, కాసేపు నీలంగా మెరిసింది. జనం పిల్లల్ని తీసుకొచ్చి చూపించారు. వెనకాల పాత వార్డులో బల్బు ఎప్పట్లాగే గుడ్డిగా వెలుగుతోంది.

నూకరత్నం విసవిసా బయటికొచ్చింది. లోవరాజు స్తూపం పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ వెలుగంతా మా కిటికీల్లోంచి పిల్లల మీద పడతందండి" అంది. "ఓసారి పచ్చగా, ఓసారి ఎర్రగా కనపడుతున్నారు. పచ్చకామెర్లు ఉన్నాయో లేదో ఒంటి రంగు చూసే కదా చెప్పాలి. ఏ రంగు చూసి చెప్పమంటారు నన్ను?"

లోవరాజు దీపాలు ఆర్పించేశాడు. ఆర్పినందుకు మర్నాడు సంజాయిషీ ఇస్తానన్నాడు. నూకరత్నం చీకట్లో పెట్టె వైపు చూసింది, వార్డు గోడ వైపు చూసింది. ఈ ఊళ్లో ఏం చేయడానికైతే నేల తవ్వనిస్తారని అడిగింది. శంకుస్థాపనకి అన్నాడతను. ఇంకా దేనికి అంది ఆవిడ. మొక్కలు నాటడానికి అన్నాడు. ప్రతి కార్యాలయమూ విధిగా మొక్కలు నాటాలని ఈ కమిషనర్ గారి ఉత్తర్వే ఉంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో వనమహోత్సవం జరిగింది. రేకుల షెడ్డు కింద పడిగాపులు పడే అమ్మమ్మలూ, నానమ్మలూ, మేనత్తలూ అంతా కదిలొచ్చారు. పొలం పని చేసిన చేతులు. ఎవరి మనవడు, ఎవరి మనవరాలు ఆ పాత వార్డులో ఇంకొకరి పక్కన ఒదిగి పడుకుని ఉన్నారో వాళ్లకి తెలుసు. పెట్టె దగ్గర మొదలుపెట్టి వార్డు గోడదాకా వరసగా తవ్వుకుంటూ పోయారు. ఒక మొక్క గొయ్యి పక్కనే, దాన్ని ఆనుకుని ఇంకో మొక్క గొయ్యి. లోవరాజు మనుషులు అడుగున తీగ పరిచి, ఇసక పోసి, ఇటుకలు పేరుస్తుంటే, పైన మందారం కొమ్మలూ నందివర్ధనాలూ దిగిపోతున్నాయి.

సగం అయ్యాక పట్టాభిరామయ్య గారు జీపులో దిగారు. చాలాసేపు చూశారు. మొక్కలు నాటడం అభినందనీయమే గాని, మొక్కకీ మొక్కకీ మధ్య ఉండవలసిన దూరం ఏదని అడిగారు. అమ్మమ్మలు పని ఆపేశారు.

నూకరత్నం చేతి మట్టి దులుపుకుని లేచింది.

"పసివి కదండి" అంది. "దగ్గర దగ్గరగా ఉంటే వెచ్చగా ఉంటాయని. లోపల పిల్లల్ని కూడా అలాగే ఉంచుతున్నామండి. వచ్చి చూస్తారా?"

పట్టాభిరామయ్య గారు వార్డు గుమ్మం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు. లోపలికి వెళ్లలేదు. కాసేపటికి ఒక నందివర్ధనం అందుకుని, తానే నాటి, ఫొటోకి నిలబడి, జీపెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం కొత్త వార్డులో ప్లాస్టిక్ కవర్లు విప్పారు. ఒకే పక్క మీద పుట్టిననాటినుంచి ఒకరినొకరు తన్నుకుంటూ పెరిగిన ఇద్దరు పిల్లల్ని నూకరత్నం విడదీసి, ఎవరి పక్కలో వాళ్లని పడుకోబెట్టింది. ఇద్దరూ కాసేపు ఏడ్చి, వెచ్చదనం తగలగానే నిద్రపోయారు. లోవరాజు గుమ్మం బయటే నిలబడి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగితే తిరగనిచ్చాడు.

పెదరేవుకి గుంతరహిత పట్టణంగా బహుమతి వచ్చింది. కమిషనర్ గారు శాలువా కప్పించుకున్నారు. మిగతా శాఖలవాళ్లు కూడా తెలివిమీరారు. ఎక్కడ మంచినీళ్ల గొట్టం పగిలినా అక్కడ మర్నాడే ఒక శంకుస్థాపన జరుగుతోంది.

లోవరాజుకి మాత్రం ఒక తాఖీదు వచ్చింది. ఆసుపత్రి ఆవరణమందు నియమిత దూరము పాటింపక మొక్కలు నాటించుట తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యము. సదరు మొక్కలను తక్షణమే పెరికించి, నిబంధనల ప్రకారము తిరిగి నాటించవలెను. లేనియెడల చర్య తీసుకొనబడును.

మొక్కలు పెరికితే అడుగున తీగ ఉంది. లోవరాజు ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి నూకరత్నానికి చూపించాడు. ఆవిడ చదివి, చాలాకాలం తర్వాత పకపకా నవ్వి, ఏం రాయాలో చెప్పింది. అతను అదే రాసి పంపాడు.

"మొక్కలు పెరికినచో గుంతలు పడును."

దానికి ఇంతవరకు జవాబు రాలేదు. వార్డులో కరెంటు ఉంది.